సావిత్రిబాయి ఫూలే చివరి ఆరేళ్ళు – మన అక్క కోసం మేము చదువుకున్న చరిత్ర



ప్రతి ఏటా ఈ నివేదికలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అనే లెక్కలు అయిపోయాక చరిత్రకు కొన్ని పేజీలు ఇస్తున్నాం. వెనకటి సంవత్సరాల్లో మన నెల్లూరు జిల్లా సారా ఉద్యమం గురించీ, పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టిన తీరు గురించీ రాసుకున్నాం. ఈసారి సావిత్రిబాయి ఫూలే గురించి రాస్తున్నాం. జనవరి 3న మనం దండ వేసే పటంలో ఉన్న తల్లి ఆమె. ఆడపిల్లలకు బడి పెట్టిందని అందరికీ తెలుసు. మరి భర్త పోయిన తర్వాత ఆ తల్లి ఎట్లా బతికింది? ఈ సంగతి మాకు కూడా తెలియదు. ఈ ఏడాది తెలుసుకోవాల్సి వచ్చింది. ఎందుకు వచ్చిందో ముందు చెప్పాలి. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

మన పెద్దక్క

మన సమాఖ్యలో ఒక పెద్దక్క ఉంది. పేరు వేయవద్దని ఆమే అన్నది, అందుకని వేయడం లేదు. అయినా పాత సభ్యులందరికీ ఎవరో తెలిసిపోతుంది.

1991లో మన జిల్లాలో అక్షర జ్యోతి రాత్రి బడులు మొదలైనప్పుడు ఆమె ఇద్దరు పిల్లల తల్లి. పలక పట్టుకుని బడికి పోయింది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారన్న సంగతి ఆ బడిలోనే విన్నది. దూబగుంట రోశమ్మ పేరు ఇవాళ పుస్తకాల్లో ఉంది. కానీ ఆమెలాంటి వాళ్ళు ఆ రోజుల్లో ఊరికి పదిమంది లేచారు. మన అక్క అందులో ఒకతె. సారా ప్యాకెట్ల జీపుకు అడ్డంగా రోడ్డు మీద కూర్చున్నది. వేలం పాటలు జరగనియ్యమని నెల్లూరు పోయిన ఆడవాళ్ళలో ఉంది. ఆ పాటలు పలుమార్లు వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో మన జిల్లాలో, అదే ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే రూపాయిని డబ్బాలో వేయడం అప్పుడే నేర్చుకున్నాం. మన పొదుపు సంఘాలకు పునాది అది.

ఆ అక్క పోరాటం మొదలైంది సొంత ఇంట్లోనే. ఆమె పెనిమిటి కూడా తాగేవాడు. కూలి డబ్బులు ఇంటికి చేరేవి కావు. నిషేధం వచ్చిన తర్వాత ఆయన మెల్లగా మానుకున్నాడు. మానుకున్నాక మనిషే మారిపోయాడు. సంఘం మీటింగు ఉన్న రోజు ఆమెను సైకిలు మీద ఎక్కించుకొచ్చి, మీటింగు అయ్యేదాకా వేపచెట్టు కింద కూర్చునేవాడు. తర్వాత సైకిలు పోయి మోపెడ్ వచ్చింది గానీ చెట్టు కింద కూర్చోవడం మాత్రం మానలేదు. మనవాళ్ళు ఆయన్ను 'మా సంఘం బావ' అని ఎగతాళి పట్టిస్తే నవ్వేవాడు.

పోయిన శ్రావణంలో ఆయన చనిపోయాడు.

మేమంతా వెళ్ళాం. పదకొండో రోజున కూడా వెళ్ళాం. ఆ రోజు ఏం చేస్తారో మనందరికీ తెలుసు. తలంటి, పసుపు రాసి, పెద్ద బొట్టు పెట్టి, చేతినిండా గాజులు వేసి, తలనిండా పూలు పెట్టారు. చివరిసారి ముత్తయిదువను చేసి, ఆ తర్వాత ఒక్కొక్కటే తీసేశారు. గాజులు పగలగొడుతుంటే ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. ఎవరో పెద్దామె గట్టిగా పట్టుకుంది. మేము పన్నెండుమంది అక్కడే నిలబడి ఉన్నాం. సారా కొట్టు తాళం పగలగొట్టిన చేతులు మావి. ఆ రోజు ఒక్క చెయ్యీ లేవలేదు, ఒక్క నోరూ లేవలేదు. పైగా, "సారా మీద పోట్లాడింది ఈ మొగుడి కోసమే గదా, ఇప్పుడు ఇంత ఏడుపేంది" అని ఎవరో గుసగుసలాడితే విననట్టు ఊరుకున్నాం.

తర్వాతి నెల సమాఖ్య సమావేశం. జ్యోతి వెలిగించేది ఎప్పుడూ పెద్దక్కే. ఆ రోజు అగ్గిపెట్టె ఆమె ముందు నుంచి దాటి పక్కామె చేతికి పోయింది. ఎవరూ ఇట్లా చేద్దామని అనుకోలేదు. చెయ్యి దానంతటదే అటు పోయింది. అక్క చూసింది, ఏమీ అనలేదు. ఆ తర్వాత మూడు నెలలు మీటింగుకు రాలేదు. పొదుపు మాత్రం మనవడి చేత పంపించేది.

ఓదార్చడానికి మళ్ళీ వెళ్ళాం. "ఏడవబాకక్కా, అందరికీ ఉండేదే" అన్నాం. ఆమె మంచినీళ్ళు ఇచ్చి, చాలాసేపు నేల చూస్తా కూర్చుని చివరికి అన్నది: "గాజులు పోతే పోయినయ్. మీరు గూడా వాళ్ళల్లో కలిసి నిలబడ్డారే, అదే నాకు ఇంకా మింగుడు పడలా."

తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా ఎవరం మాట్లాడలేదు.

జనవరి వచ్చింది. సావిత్రిబాయి జయంతికి ఎప్పటిలాగా బడి సంగతి చెప్పి ముగిద్దామనుకున్నాం. డిగ్రీ చదువుతున్న మన సభ్యురాలి కూతురు ఆమె జీవిత చరిత్ర చదువుతూ చదువుతూ చివరి భాగానికి వచ్చింది. అక్కడ మేము విన్నదే ఇక్కడ రాస్తున్నాం.

వితంతువుల కోసం తలుపు తెరిచిన ఇల్లు

సావిత్రిబాయి 1831 జనవరి 3న మహారాష్ట్రలో సతారా జిల్లా నాయగావ్‌లో పుట్టింది. 9 ఏళ్ళకు పెళ్ళి. భర్త జోతిరావుకు 13 ఏళ్ళు. అక్షరాలు నేర్చుకున్నది పెళ్ళయిన తర్వాతే. 1848లో పుణెలో భిడేవాడ అనే ఇంట్లో ఆడపిల్లల బడి మొదలైంది. బడికి నడిచి పోతుంటే ఆమె మీద పేడ, బురద చల్లేవాళ్ళు. బడికి వెళ్ళాక మార్చుకోవడానికి ఇంకో చీర సంచిలో పెట్టుకుని పోయేదని చెబుతారు. ఈ పని మానకపోతే ఇంట్లో ఉండొద్దని మామగారు అన్నప్పుడు మొగుడూ పెళ్ళాం బయటకు నడిచారు. వాళ్ళకు చోటిచ్చింది ఉస్మాన్ షేక్ కుటుంబం. ఆ ఇంటి ఆడపడుచు ఫాతిమా షేక్ సావిత్రిబాయితో కలిసి పాఠాలు చెప్పింది. ఇంతవరకు మనం ఏటా చెప్పుకునేదే.

ఆ కాలంలో పై కులాల ఇళ్ళలో ఆడపిల్లలకు పాలుతాగే వయసులోనే పెళ్ళి చేసేవాళ్ళు. మొగుడు పోతే ఆ పిల్లకు మళ్ళీ పెళ్ళి లేదు. తల గొరిగించి, ముతక బట్ట కట్టించి, వంటింటి మూలకు తోసేవాళ్ళు. 1856లో వితంతువుల పునర్వివాహ చట్టం వచ్చింది గానీ కాగితం మీదే ఉండిపోయింది. మన తెలుగునాట కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. అంటే చట్టం వచ్చాక మరో 25 ఏళ్ళు పట్టింది. అది కూడా పోలీసుల కాపలాలో చేయాల్సి వచ్చింది.

ఆ మూలన పడి ఉన్న పిల్లల మీద ఇంట్లోని మగవాళ్ళే చెయ్యి వేసేవాళ్ళు. కడుపు వస్తే తప్పంతా పిల్లదే. బావిలో దూకడమో, పుట్టిన బిడ్డ గొంతు నులమడమో, అంతే దారి. 1863లో ఫూలే దంపతులు తమ ఇంట్లోనే ఒక ఆశ్రయం తెరిచారు. ఎవరైనా వచ్చి రహస్యంగా కాన్పు చేయించుకోవచ్చు, బిడ్డను తీసుకుపోవచ్చు లేదా అక్కడే వదిలిపోవచ్చు అని గోడల మీద కాగితాలు అంటించారు. వచ్చిన వాళ్ళకు పురుడు పోసింది సావిత్రిబాయి. అట్లా వచ్చిన ఒక వితంతువుకు పుట్టిన మగబిడ్డను వాళ్ళు పెంచుకుని, యశ్వంత్ అని పేరు పెట్టి, డాక్టరును చేశారు. వాళ్ళకు సొంత పిల్లలు లేరు.

వితంతువుల తల గొరగబోమని మంగలివాళ్ళ చేత చెప్పించిన పోరాటం కూడా ఫూలే దంపతుల ఉద్యమంలో నుంచి వచ్చిందే. జోతిరావు అనుచరుడు నారాయణ మేఘాజీ లోఖండే ముంబైలో మంగలివాళ్ళను కూడగట్టాడు. ఆచారం ఆడదాని తల మీదికి వచ్చేది కత్తి రూపంలో. ఆ కత్తి పట్టిన వాడే దాన్ని కింద పెడితే ఆచారం ఏం చేస్తుంది? సారా ప్యాకెట్టు దించే జీపును మనం ఆపినప్పుడు కూడా ఇదే లెక్క పనిచేసింది.

1873 సెప్టెంబరు 24న జోతిరావు సత్యశోధక సమాజం పెట్టాడు. పురోహితుడు లేకుండా, కట్నం లేకుండా పెళ్ళిళ్ళు చేయించారు. 1876–78 కరువులో ఊరూరా తిరిగి అన్నదాన కేంద్రాలు నడిపారు. రాయలసీమలో ధాత కరువు అని పెద్దవాళ్ళు చెప్పేది ఈ కరువునే. ఇట్లా యాభై ఏళ్ళ సంసారంలో ఆ ఇద్దరూ చేసిన ప్రతి పనిలోనూ ఇద్దరి చేతులూ ఉన్నాయి.

ఆ కుండ పట్టుకున్నది ఎవరు

1888లో జోతిరావుకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోతే ఎడమ చేత్తో రాయడం నేర్చుకుని చివరి పుస్తకం పూర్తి చేశాడు. మంచంలో ఉన్న మనిషికి రెండేళ్ళ పైన సేవ చేసింది సావిత్రిబాయే. ఇంట్లో డబ్బు కరువయింది. మామా పరమానంద్ అనే మిత్రుడు ఆదుకోమని బరోడా మహారాజుకు ఉత్తరం రాయాల్సి వచ్చింది. 1890 నవంబరు 28న జోతిరావు కన్నుమూశాడు. అప్పటికి సావిత్రిబాయికి 59 ఏళ్ళు.

తనను దహనం చేయవద్దు, ఇంటి దగ్గరే ఉప్పు వేసి పూడ్చమని జోతిరావు కోరుకున్నాడు. ఇళ్ళ మధ్య పూడ్చడానికి అధికారులు ఒప్పుకోలేదు. శవాన్ని శ్మశానానికి తీసుకుపోవాల్సి వచ్చింది. అక్కడ లేచింది గొడవ. పాడె ముందు నిప్పుకుండ పట్టుకునేది ఎవరు? తలకొరివి పెట్టేది ఎవరు? యశ్వంత్ పెంపుడు కొడుకు, అందులోనూ ఒక వితంతువుకు పుట్టినవాడు, వాడికి హక్కు లేదని దాయాదులు అడ్డం తిరిగారు. మన ఊళ్ళలో తలకొరివి పెట్టినవాడికే ఆస్తి అంటారు కదా, ఆ లెక్క అక్కడా ఉంది.

అప్పుడు సావిత్రిబాయి ముందుకొచ్చి కుండను తన చేతికి తీసుకుంది. పాడె ముందు నడిచింది. చితికి తానే నిప్పు పెట్టింది.

ఈ మాట విన్నప్పుడు హాల్లో ఎవరూ కదల్లేదు. మనలో చాలామందిమి ఈనాటికీ శ్మశానం గేటు దాటి లోపలికి పోయి ఎరగం. ఆడవాళ్ళు రాకూడదు అంటే సరే అని వీధి మలుపు దగ్గరే ఆగిపోయాం. ఆ తల్లి ఈ పని చేసింది 1890లో.

ఇంకో సంగతి కూడా గమనించాం. వితంతువుల తరఫున ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషికి ఆ రోజు సొంతంగా వితంతువు కావాల్సి వచ్చింది. ఇతరుల కోసం చెప్పిన మాట తన మీదికి వచ్చినప్పుడు నిలబెట్టుకోవడం వేరు. దుఃఖంలో మునిగి ఉన్న మనిషిని లోకం ఎట్లా చెబితే అట్లా వంచవచ్చు. మన అక్క చెయ్యి వెనక్కి లాక్కున్నప్పుడు ఆమెకు ఆ బలం లేక కాదు. పక్కన నిలబడాల్సిన వాళ్ళం మేము నిలబడలేదు. సావిత్రిబాయి పక్కన యశ్వంత్ ఉన్నాడు, సత్యశోధక సమాజం ఉంది.

ఓదార్పు అంటే పని

భర్త పోయాక సావిత్రిబాయి ఏడవలేదని మేము అనడం లేదు. ఏడ్చే ఉంటుంది. ఆమె కవయిత్రి కూడా. 1854లోనే 'కావ్యఫూలే' అనే పుస్తకం వేసింది. జోతిరావు పోయిన తర్వాత ఆయన జీవితాన్ని పద్యాల్లో రాసి 'బావన్‌కశీ సుబోధ రత్నాకర్' అనే పుస్తకంగా తెచ్చింది. దుఃఖాన్ని మింగేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆయన గురించి మాట్లాడే చోటు ఆమెకు ఉంది.

రెండోది, సంఘంలో ఆమె కుర్చీ ఆమెకే ఉంది. జోతిరావు తర్వాత సత్యశోధక సమాజం పనిని ఆమె భుజాన వేసుకుంది. 1893లో సాస్వడ్‌లో జరిగిన సమాజ మహాసభకు అధ్యక్షత వహించింది. ఒక వితంతువు మహాసభ వేదిక మీద అధ్యక్షురాలు. మేము అగ్గిపెట్టె కూడా ఇవ్వలేకపోయాం.

1896లో మళ్ళీ కరువు. దాని వెంటే ప్లేగు. ముంబైలో మొదలై పుణెకు వచ్చింది. జనం ఊళ్ళు వదిలి పారిపోతుంటే సావిత్రిబాయి, యశ్వంత్ కలిసి పుణె బయట హడప్సర్ వైపు రోగుల కోసం ఆస్పత్రి తెరిచారు. 66 ఏళ్ళ మనిషి. ముంఢ్వా అనే ఊళ్ళో ఒక దళిత కుటుంబపు పిల్లవాడికి ప్లేగు వచ్చిందని తెలిసి, వాడిని తన వీపు మీద మోసుకుని ఆస్పత్రికి తెచ్చింది. పిల్లవాడు బతికాడు. ఆ జబ్బు ఆమెకు అంటుకుంది. 1897 మార్చి 10న సావిత్రిబాయి చనిపోయింది.

భర్త పోయాక ఆమె బతికింది ఆరేళ్ళ మూడు నెలలు. ఆ కాలంలో ఒక పుస్తకం రాసింది, ఒక మహాసభ నడిపింది, కరువులో అన్నం పెట్టింది, ప్లేగులో ప్రాణం పెట్టింది. మూల కూర్చుని ఉంటే ఇవేవీ జరిగేవి కావు.

మహారాష్ట్రలో ఒక ఊరు

ఇదంతా నూరేళ్ళ పైనాటి మాట, ఇప్పుడు సాగుతుందా అని ఒక సభ్యురాలు అడిగింది. సాగింది. అదే మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామపంచాయతీ 2022 మే 4న ఒక తీర్మానం చేసింది. తమ ఊళ్ళో భర్త చనిపోయిన స్త్రీకి బొట్టు చెరపడం, గాజులు పగలగొట్టడం, తాళి, మెట్టెలు తీయించడం ఇక ఉండకూడదని. రెండు వారాలు కాకముందే మహారాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలు కూడా ఆ దారిలో నడవాలని ఉత్తర్వు ఇచ్చింది. ఒక్క ఊరి తీర్మానం రాష్ట్రానికి పాకడం మనకు కొత్త కాదు. దూబగుంటలో జరిగింది కూడా అదే.

మేము చేసిన తీర్మానం

జనవరి సమావేశంలో ఇది విన్న తర్వాత మేము పెద్దక్క ఇంటికి మళ్ళీ వెళ్ళాం. ఈసారి 'ఏడవబాక' అనలేదు. "తప్పయింది అక్కా" అన్నాం. తర్వాత బావ గురించి అడిగాం. సైకిలు సంగతి, వేపచెట్టు సంగతి, తాగుడు మానిన మొదటి నెల ఆయన రాత్రుళ్ళు నిద్రపట్టక వాకిట్లో తిరిగిన సంగతి ఆమె చెప్పింది. ఆయన తాగిన రోజుల గురించి కూడా చెప్పింది. మధ్యలో ఏడ్చింది, ఒకసారి నవ్వింది. రెండు గంటలు కూర్చున్నాం. గుసగుసలాడిన వాళ్ళకు మా సమాధానం ఒక్కటే: ఆమె కొట్లాడింది తాగుడు మీద, ఏడుస్తున్నది మనిషి కోసం.

ఫిబ్రవరిలో మినిట్స్ పుస్తకంలో ఇట్లా రాసుకున్నాం:

ఒకటి. మన సభ్యురాలి భర్త చనిపోతే ఆమె ఇష్టం లేకుండా గాజులు, బొట్టు, మెట్టెలు తీయించే పనిలో మన సభ్యులెవరూ చెయ్యి వేయరు. ఆ రోజు సంఘం వాళ్ళు కనీసం ఐదుగురు ఆమె పక్కనే ఉంటారు. తీసేయాలని ఆమే అనుకుంటే అదీ ఆమె ఇష్టమే.

రెండు. సంఘంలో ఆమె పదవి, ఆమె కుర్చీ, ఆమె చేసే పని మారవు. జ్యోతి వెలిగించడానికి, రిబ్బను కత్తిరించడానికి ముత్తయిదువ అనే షరతు లేదు.

మూడు. దుఃఖంలో కాగితాల పని వెనకబడిపోతుంది, దాన్ని మనం చూసుకోవాలి. మరణ నమోదు 21 రోజుల్లోపు చేయించాలి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, బీమా, వితంతు పింఛను దరఖాస్తులకు సంఘం తరఫున ఒకరు తోడు వెళ్ళాలి. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా భర్త చనిపోతే, ఆయన సొంత ఆస్తిలో భార్యకు పిల్లలతోను, అత్తగారితోను సమానంగా వాటా ఉంది. తలకొరివి ఎవరు పెట్టారు అన్నదానితో ఈ వాటాకు సంబంధం లేదు. ఈ మాట దాయాదుల ముందు గట్టిగా చెప్పాలి.

నాలుగు. నెలకు ఒకసారి ఇద్దరు సభ్యులు ఆమె ఇంటికి పోయి కూర్చోవాలి. మాట్లాడితే వినాలి, మాట్లాడకపోతే ఊరికే కూర్చోవాలి. ఏడాది పాటు.

ఈ తీర్మానం మీద అందరూ సంతోషంగా వేలిముద్రలు, సంతకాలు పెట్టారని రాయడం అబద్ధం అవుతుంది. మూడు గ్రామ సంఘాలు "ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరు" అని ఆలోచించుకుంటామన్నాయి. వాళ్ళను తప్పు పట్టడం లేదు. పదకొండో రోజున మేమూ వాళ్ళలాగే నిలబడ్డాం.

మార్చి 10న, సావిత్రిబాయి వర్ధంతి నాడు, పెద్దక్క సమావేశానికి వచ్చింది. మనవడు మోపెడ్ మీద దింపి పోయాడు. వచ్చేటప్పుడు వేపచెట్టు వైపు ఒకసారి చూసి లోపలికి వచ్చింది. అగ్గిపెట్టె ఆమెకే ఇచ్చాం. మొదటి పుల్ల ఆరిపోయింది. రెండో పుల్లకు జ్యోతి వెలిగింది. కూర్చున్నాక ఆమె అడిగిన మొదటి మాట: "ఈ నెల పొదుపు కట్టనోళ్ళు ఎంతమంది?"

వచ్చే ఏడాది నివేదిక నాటికి మిగిలిన ఆ మూడు గ్రామ సంఘాల తీర్మానాలు కూడా పుస్తకంలో ఎక్కాలని కోరుకుంటున్నాం. ప్రతి గ్రామ సంఘంలో ఈ పేజీలను ఒకరు చదివి మిగతావాళ్ళకు వినిపించాలని మనవి.